ముట్టుకోవద్దన్న మఖమలు

ఆ కుట్టు కార్ఖానాలో అందరికీ ఆయన బాబాయే. యజమానురాలికి బాబాయి, మిషన్ల దగ్గరి ఆడవాళ్ళకి బాబాయి, కింద వీధిలో టీ పోసేవాడికీ బాబాయే. ఆఖరికి ఆయనకంటే రెండేళ్ళు పెద్దవాడైన కాపలా మనిషి కూడా బాబాయ్ అనే పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా ఈయన పలికేవాడు కాబట్టి ఆ వరస అలాగే ఖాయమైపోయింది.

ఇళ్ళకీ ఆఫీసులకీ సభామందిరాలకీ తెరలు కుట్టే చోటు అది. గది మధ్యలో ఇరవై అడుగుల బల్ల ఒకటుంది. బట్ట పరిచేదీ, సుద్దతో గీసేదీ, కత్తిరించేదీ దాని మీదే. ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడే అక్కడ మాస్టరు. ముప్ఫై రెండేళ్ళు అక్కడ నిలబడింది బాబాయే.

నాలుగు నెలల కిందట ఆయన ఒక తప్పు చేశాడు. ఒక ఆఫీసు వాళ్ళ ఇరవై నాలుగు కిటికీ తెరల్నీ నాలుగేసి వేళ్ళు పొట్టిగా కోశాడు. కళ్ళజోడు మారిన వారం అది. టేపు మీద ఒక అంకె ఇంకో అంకెలా కనిపించింది, అంతే. తెరలు గట్టుదాకా రాలేక గాల్లో వేలాడుతుంటే పెద్ద మిషన్ మీద కుట్టే వదిన (ఆవిడా అందరికీ వదినే) తన ఏప్రన్ మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని గదంతా రెండు చుట్లు నడిచి చూపించింది. మిషన్లు ఆపి మరీ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదు కదా. ఆ సాయంత్రం బస్సు దిగాక ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక రెండు వీధులు అనవసరంగా తిరిగాడు.

యజమానురాలు ఆయన్ని పని మానమనలేదు. ఆవిడ తండ్రి హయాంలో చేరిన మనిషి, ఆవిడకి గుండీ కుట్టడం నేర్పింది ఆయనే. కిటికీ పక్కన కుర్చీ వేయించి, చేతికుట్టు పని అప్పగించి, అక్కడ కళ్ళకి వెలుతురు బాగుంటుంది బాబాయ్ అంది. మర్యాదగానే అంది. వెలుతురు నిజంగానే బాగుంది. అందుకే అక్కణ్ణించి బల్ల మరీ స్పష్టంగా కనిపించేది.

నెల తిరక్కుండా కొత్త మాస్టరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. వేరే ఊళ్ళో కోట్లూ ప్యాంట్లూ కోసిన చెయ్యి. మూడు నెలలు చూసి, నచ్చితే ఖాయం చేస్తానని యజమానురాలు మాట. ఖాయమైతే భార్యనీ ఇద్దరు ఆడపిల్లల్నీ ఇక్కడికి తెచ్చుకుంటానని ఆయన మాట. వెనకవీధిలో ఒక గది తీసుకుని, పిల్లల బడికి దరఖాస్తు కూడా ముందే పెట్టేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, ఎవరినీ నొప్పించాలని అనడు. కానీ కంటికి వంకర కనిపిస్తే నోరు ఊరుకోదు. గోడ గడియారం సరిచేశాడు. సుద్దముక్కల్ని పొడవు వారీగా పేర్చాడు. వదినతో ఆవిడ కుర్చీ రెండు వేళ్ళు ఎత్తు పెంచాలన్నాడు. ముప్ఫై రెండేళ్ళు కత్తెర పట్టిన బాబాయితో, మీ చేతికుట్టు వేలి వెడల్పుకి మూడు పడాలండీ, అక్కడక్కడ నాలుగు పడుతున్నాయి అన్నాడు. వారం తిరక్కుండా ఆయనకి కొలబద్ద అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది వదిన. కానీ అందరికంటే ఎక్కువ వాడింది బాబాయి, మనసులో.

మూడో నెల ఆఖర్లో సంగీత పాఠశాల వాళ్ళ మందిరానికి వేదిక తెర కుట్టే పని వచ్చింది. ముదురు ఎరుపు మఖమలు. రెండు రెక్కలు, రెక్కకి ఆరు పట్టీలు, పట్టీ పొడవు ఇరవై అడుగులు. ఆ కార్ఖానాకి మఖమలు పదేళ్ళకోసారి వచ్చే చుట్టం. అంతకుముందు వచ్చినప్పుడు దాన్ని కోసింది బాబాయే. కొలబద్దకి అంత మఖమలు కోసిన అలవాటు లేదు. లేదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు.

మఖమలుకి నూగు ఉంటుంది. పిల్లి వీపులాగే ఒక వైపు నిమిరితే మెత్తగా జారుతుంది, ఎదురు నిమిరితే వేళ్ళకి అడ్డం పడుతుంది. నిలబెట్టినప్పుడు నూగు పైకి ఉంటే రంగు చిక్కగా, కిందికి ఉంటే వెలిసినట్టు కనిపిస్తుంది. బల్ల మీద పడుకోబెట్టి పైనించి చూస్తే మాత్రం ఏ తేడా తెలియదు. చెయ్యి పెట్టి చూడాల్సిందే. అందుకే పాతవాళ్ళు మఖమలు విప్పగానే నాలుగు వేళ్ళ వెనకభాగంతో ఒకసారి నిమిరి, ఆ తరవాతే సుద్ద పడతారు.

బట్ట రెండు తానుల్లో వచ్చింది. మొదటి తాను సరిగానే ఉంది. దాన్లో ఏడు పట్టీలు తెగాయి. రెండో తాను విప్పుతున్నప్పుడు బాబాయి మంచినీళ్ళకని లేచి, బల్ల పక్కనించి వెళ్తూ, అలవాటు కొద్దీ చేతి వెనకభాగం ఆనించాడు. ఆగిపోయాడు. నూగు ఎదురు తిరిగింది. మిల్లులో ఎవరో తనిఖీకి విప్పి, అటు కొసనించి మళ్ళీ చుట్టినట్టున్నారు. చుట్ట పైకొసని తలభాగం అనుకుని కోస్తే ఈ ఐదు పట్టీలూ తలకిందులవుతాయి.

చెబుదామని నోరు తెరిచాడు. ఇది మాత్రం నిజం. బాబాయి తరవాత ఎన్నిసార్లు తలచుకున్నా, నోరు తెరిచిన మాట నిజమే.

"బాబాయ్ గారూ, ముట్టుకోకండి," అన్నాడు కొలబద్ద తల ఎత్తకుండానే. "చేతి చెమట అంటితే మచ్చ పడుతుంది."

మాటలో తప్పేం లేదు. కాకపోతే అది నలుగురి ముందు పడింది. మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నాడు. నోరు కూడా దాంతోపాటే మూతపడింది. మంచినీళ్ళు తాగి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. కత్తెర మఖమల్లో కరకరా నడుస్తున్న చప్పుడు వింటూ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

మర్నాడు వదిన మిషన్ మీద పట్టీలు అతుకుతుంటే పైబట్ట ఒక వైపుకీ కిందిబట్ట ఇంకో వైపుకీ పాకిపోవడం మొదలైంది. నూగులు ఎదురెదురైతే అలాగే పాకుతుంది. బట్టకి పురుగు కుట్టిందా ఏమిటని వదిన తిట్టుకుంది. గుండుసూదులు ఎక్కువ పెట్టుకోమన్నాడు కొలబద్ద. బాబాయి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆ తరవాత అడుగు మడత చేతికుట్టు ఆయన దగ్గరికే వచ్చింది. మూడు రోజులు ఆ ఎర్రటి బరువు ఒళ్ళో వేసుకుని కుట్టాడు. ఏడో పట్టీ దాటి ఎనిమిదో దాని మీదికి రాగానే వేళ్ళు, ఇదిగో ఇక్కణ్ణించి తిరగబడింది అని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాయి. కుట్టు మాత్రం వేలి వెడల్పుకి సరిగ్గా మూడే వేశాడు. అంత శ్రద్ధగా ఎప్పుడూ కుట్టలేదు.

గురువారం మధ్యాహ్నం తెర మందిరంలో ఎక్కింది. ప్రారంభోత్సవం మర్నాడు సాయంత్రం. గొట్టానికి తగిలించి, రెండు రెక్కలూ దగ్గరికి లాగి, మందిరం మేనేజరు పై దీపాలు వేయించాడు.

ఎడమ రెక్క చిక్కటి ఎరుపులో నిండుగా నిలబడింది. కుడి రెక్కలో మధ్యకి ఆనుకున్న ఒక్క పట్టీ దానికి జత కలిసింది. మిగతా ఐదూ ఏళ్ళ తరబడి ఎండలో ఆరేసి మర్చిపోయినట్టు వెలవెలబోతూ వేలాడాయి. సరికొత్త చొక్కాకి పాత చెయ్యి అతికినట్టుంది. వదిన, మిగతా సగం రేపు వస్తుందేమోలే అంది. అంతే, వెంట వచ్చిన నలుగురూ మొహాలు తిప్పుకుని, భుజాలు కుదుపుకుంటూ నవ్వారు. నవ్వుని దగ్గుగా మార్చబోయి ఒకామె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మేనేజరుకి నవ్వు రాలేదు. రేపు నాలుగింటికల్లా ఒకే రంగు తెర లేకపోతే పాత నల్లతెర కట్టుకుంటామనీ, ఇక మీదట మీ గడప తొక్కమనీ యజమానురాలితో చెప్పేశాడు. కొలబద్ద వేదిక మధ్యలో నిలబడి పైకి చూస్తూ, మిల్లువాళ్ళు రెండు రకాల అద్దకం పంపారండీ, ఇది అద్దకం తేడా, అని ఒకటే మాట మూడుసార్లు అన్నాడు. అద్దకం తేడా అయితే కొత్త బట్ట తేవాలి. కొత్త బట్ట రావడానికి పది రోజులు. ఆ లెక్క అందరికీ తెలుసు. కొయ్యకముందు రంగు సరిచూసుకోవాల్సింది ఎవరో కూడా అందరికీ తెలుసు.

బాబాయి వెనక వరస కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన లోపల జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎండలో నడిచొచ్చినవాడికి చన్నీళ్ళు గొంతు దిగుతున్నట్టు, ఛాతీ కింద చల్లగా ఏదో జారింది. ఎన్నాళ్ళ నించో భుజాలు బిగించుకుని కూర్చున్నానని భుజాలు వదులయ్యాకే ఆయనకి తెలిసింది. నాలుగు వేళ్ళు పొట్టి తెరలు ఇంత పొడుగు తెర ముందు ఏపాటివి? ఆ క్షణంలో ఆయనకి వదిన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మేనేజరు మీద కూడా కాస్త పుట్టింది.

తిరుగు బస్సులో వదిన పక్కన కూర్చుంది. పాపం అనిపిస్తోంది బాబాయ్, కానీ హాయిగానూ ఉంది, ఎందుకంటావు అని అడిగి, తనే జవాబు చెప్పింది. ఆయనలాంటివాడు తప్పు చేస్తే ఇన్నాళ్ళూ మనం చేసిన తప్పులన్నీ మాఫీ అయినట్టు ఉంటుందట.

కార్ఖానా దగ్గర దిగాక యజమానురాలు బాబాయిని పక్కకి పిలిచింది. కళ్ళు వాచి ఉన్నాయి. శనివారంతో కొత్త మాస్టరుకి మూడు నెలలు అవుతాయనీ, ఇక వద్దని చెప్పేస్తాననీ అంది.

"సోమవారం నించి బల్ల దగ్గరికి నువ్వే వచ్చెయ్యి బాబాయ్. కళ్ళజోడు ఇప్పుడు అలవాటైందిగా."

అలవాటైందన్నాడు.

ఇంట్లో బాబాయీ కూతురూ ఇద్దరే. భార్య పోయి నాలుగేళ్ళు. కూతురు ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది. రోజంతా జనం చేతులకి సూదులు గుచ్చి, సాయంత్రం ఇంటికొచ్చి తండ్రి చేత కూరలు తరిగిస్తుంది. ఆ రోజు బాబాయి తరుగుతూ కూనిరాగం తీశాడు. రెండోసారి కూర వేయించుకున్నాడు. ఏమిటి సంగతి నాన్నా అని కూతురు అడిగేదాకా ఆగి, మొదటినించీ చెప్పుకొచ్చాడు. వెలిసిన రెక్క, వదిన మాట, కొలబద్ద మొహం. అద్దకం తేడా అని మూడుసార్లు అన్న తీరు గొంతు మార్చి మరీ చెప్పాడు. కూతురు గట్టిగా నవ్వింది. నవ్వించగలిగినందుకు ఆయనకి ఇంకాస్త ఉత్సాహం వచ్చి, అది అద్దకమూ కాదు పాడూ కాదు, నూగు తిరగబడింది, ఐదు పట్టీలు విప్పి తిప్పి కుడితే చాలు, ఒక్కడికీ తెలియలేదు చూడు అనేశాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది కూతురు, ఇంకా నవ్వుతూనే.

రోగుల్ని అడిగి అడిగి అలవాటైన ప్రశ్న. ఎప్పట్నించి, ఎన్నాళ్ళయింది. అందులో నిలదీయడం ఏమీ లేదు. బాబాయి ఉప్పు తక్కువైందన్నాడు. కూతురు ఉప్పు అందించి, జవాబు కోసం ఆగింది.

"రెండో తాను విప్పిన రోజే."

"అంటే వారం."

"వారం కాలేదు. ఆరు రోజులు."

ఆమె తిట్టలేదు. తిడితే ఆయన కూడా ఏదో ఒకటి అనేవాడు. బల్ల గురించీ, నలుగురిలో ముట్టుకోవద్దన్న మాట గురించీ చెప్పడానికి బోలెడు సిద్ధంగా ఉంది. ఆమె కంచంలో వేలితో గీతలు గీసింది.

"మా దగ్గర వరసలో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ రిపోర్టు ఒకళ్ళు తొంగి చూస్తుంటారు నాన్నా," అంది. "పక్కవాడిది బాగాలేదని తెలిస్తే కొందరి మొహం తేలికపడుతుంది. నేను రోజూ చూస్తాను. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. భయం వాళ్ళది. ఆ దెబ్బ తమ మీద పడలేదని ఊపిరి పీలుస్తారు, అంతే. కానీ వాళ్ళెవరూ పక్కవాడికి మందు దాచిపెట్టరు కదా."

తరవాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. గిన్నెలు సర్దుతూ, రేపు తనకి పెందలాడే డ్యూటీ అనీ, కాఫీ ఫ్లాస్కులో పోసి పెడతాననీ చెప్పింది. బాబాయి కంచాలు కడిగాడు. ఒకే కంచం చాలాసేపు కడిగాడు. ఆరు రోజుల కిందట తప్పు కొలబద్దది. ఇప్పుడు? ఐదు పట్టీలు తిప్పి కుడితే పోయే దానికి ఒక మనిషి పనీ, ఇద్దరు పిల్లల బడీ పోబోతున్నాయి. ఆ సంగతి ఆ కార్ఖానాలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ కూర రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

అడిగే మనిషి ఇంట్లో ఒకరున్నందుకు ఆయన ఆ పూటే సంతోషించాడని చెప్పడం అబద్ధమవుతుంది. ఆ పూట కూతురి మీద కోపంగానే ఉంది. సంతోషం తెల్లవారి బస్సెక్కాక వచ్చింది.

ఏడింటికే కార్ఖానా మెట్లెక్కాడు. తనే మొదటివాణ్ణనుకున్నాడు. కానీ లోపల ట్యూబులైటు వెలుగుతోంది. కొలబద్ద బల్ల దగ్గర నిలబడి, మందిరం నించి దింపుకొచ్చిన కుడి రెక్క అంచుని టేపుతో కొలుస్తున్నాడు. కొలిచి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. చేతులు ఊరుకోలేక కొలుస్తున్నాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆయన ఒంటి మీద వంకర కనిపించడం అదే మొదటిసారి. నిన్నటి బాబాయి అయితే అది చూసి ఎంత మురిసిపోయేవాడో. ఇవాళ్టి బాబాయికి ఆ గుండీలు చూడబుద్ధి కాలేదు.

"మాస్టారూ, అది అద్దకం తేడా కాదు," అన్నాడు నిలబడ్డ చోటే. "నూగు తేడా. రెండో తాను తిరగేసి చుట్టి వచ్చింది. ఐదు పట్టీలు విప్పి, తల కిందికి తిప్పి కుడితే సరిపోతుంది."

కొలబద్ద టేపు వదల్లేదు. "మీకెలా తెలుసు?"

"చేత్తో చూశాను. విప్పిన రోజే."

బాబాయి దగ్గరికెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు మడిపించి, వెనకభాగాన్ని పట్టీ మీద ఆనించి కిందికి జార్చాడు. తరవాత పక్క పట్టీ మీద. కొలబద్ద అక్కడే ఆగాడు. మళ్ళీ మొదటిదాని మీదికి వెళ్ళాడు. మళ్ళీ రెండోది. ఆయన మొహంలోకి రక్తం తిరిగి రావడం బాబాయికి కనిపించింది. ఆ తరవాత అది కోపంగా మారడం కూడా కనిపించింది.

"ముట్టుకోవద్దన్నది నేనే. సరే," అన్నాడు. గొంతు పెంచలేదు. "కానీ అడుగు మడత మూడు రోజులు మీ ఒళ్ళో ఉంది. ప్రతి కుట్టుకీ మీకు తెలుసు. ఎందుకండీ?"

బాబాయి దగ్గర దీనికి మంచి జవాబులు రెండు మూడున్నాయి. బస్సులో అనుకుంటూ వచ్చాడు. వాటిని పక్కన పెట్టేశాడు.

"మీరు కూడా ఒక్కసారి పొట్టి తెరలు కొయ్యాలనిపించింది," అన్నాడు.

కొలబద్ద కుర్చీ లాక్కుని కూర్చుని, చిన్న కత్తెర తీసుకుని మొదటి కుట్టు తెంపాడు. బాబాయి ఎదురుగా కూర్చుని రెండో కొస నించి తెంపడం మొదలుపెట్టాడు.

యజమానురాలు వచ్చేసరికి ఒక పట్టీ ఊడి బల్ల మీద ఉంది. ఆవిడకి కూడా బాబాయే చెప్పాడు, మిషన్ల వాళ్ళందరూ వింటుండగా, ఏదీ మినహాయించకుండా. ఆవిడ కోపమంతా నిన్న కొలబద్ద మీద ఖర్చయిపోయినట్టుంది. మెల్లగానే మాట్లాడింది. నిన్ను చూసి నేర్చుకోమని మా నాన్న అనేవాడు బాబాయ్ అంది. నిన్న బల్ల గురించి అన్న మాట మర్చిపొమ్మంది. ఆయన మర్చిపోయానన్నాడు. ఆ మాట అన్నాక గుండె కలుక్కుమనాల్సింది. కలుక్కుమనలేదు. మొయ్యక్కర్లేని సామాను ఎవరో చేతిలోంచి తీసుకున్నట్టనిపించింది.

"తప్పు సగం ఆయనది, సగం నాది," అన్నాడు కొలబద్ద, తల ఎత్తకుండానే.

"చూశారా, దీన్ని కూడా కొలిచాడు," అంది వదిన.

ఇక ఆ పూటంతా నవ్వులు బాబాయి వైపు తిరిగాయి. బట్ట పాకుతుంటే నా వైపు జాలిగా చూశావు, గుర్తుందా బాబాయ్, నువ్వు సినిమాల్లో వేషాలు కట్టాల్సినవాడివి అని వదిన. ఇంట్లో ఇంకేం దాచావో చెప్పెయ్యమని ఇంకొకామె. ఆయన తల వంచుకుని కుట్లు తెంపుతూ అన్నీ విన్నాడు. తిట్టడానికి బదులు ఆటపట్టిస్తున్నారంటే మనిషిని ఇంకా లోపలే ఉంచుకున్నారని అర్థం. అరవై ఏళ్ళొచ్చాక ఆమాత్రం తెలియకపోదు.

పైగా ఆ ఉదయం చిన్న చిన్న ఉపకారాలు ఎన్ని జరిగాయో. తెర కుట్టు పొడుగు కుట్టు కాబట్టి ఒక దారం లాగితే బెత్తెడు మేర జర్రున ఊడొచ్చింది. అదే కోటు అయివుంటే సాయంత్రం దాకా తెంపుతూ కూర్చునేవాళ్ళు. పట్టీలన్నీ నిలువు దీర్ఘచతురస్రాలు కాబట్టి తల కిందికి తిప్పినా కొలత మారలేదు. పాత సూది బెజ్జాలు కనిపిస్తాయేమోనని భయపడ్డారు. వెనకనించి కెటిల్ ఆవిరి పట్టి నిమిరితే నూగు లేచి వాటిని కప్పేసింది. వదిన భోజనం మాట ఎత్తకుండా ఐదు అతుకులూ కుట్టి పడేసింది. ఈసారి బట్ట పాకలేదు. రెండో అతుకు తరవాత కొలబద్ద తన గుండీలు చూసుకుని, అటు తిరిగి సరిగ్గా పెట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. వదిన కూడా.

మూడింటికి తెర మళ్ళీ మందిరంలో ఎక్కింది. అడుగు మడత అక్కడే, వేలాడుతుండగానే నేలకి సరిచూసి కుట్టుకోవాలి. ముందు రంగు చూద్దామని దీపాలు వేయించారు.

రెండు రెక్కలూ ఒక్క రంగులో నిలబడ్డాయి. మొదటి పట్టీ నించి పన్నెండో పట్టీ దాకా అదే చిక్కటి ఎరుపు. మేనేజరు అటు నించి ఇటు నడిచాడు, ఇటు నించి అటు నడిచాడు, ఏమీ దొరక్క గడియారం చూసుకున్నాడు. యజమానురాలు కొలబద్ద దగ్గరికి వెళ్ళి, సోమవారం తొమ్మిదింటికి రండి మాస్టారూ అంది. అంతే అంది. ఆయన అలాగేనండీ అని, ఫోను తీసుకుని మెట్ల వైపు నాలుగడుగులు వేశాడు. ఇంటికి చెప్పుకోవడానికై ఉంటుంది.

బాబాయి వేదిక మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కుడి రెక్క అడుగు మడతలో ఆఖరి మూర కుడుతున్నాడు. బల్ల పోయింది. ఇక తిరిగి రాదు. అయినా ఈ మడత కుడుతుంటే వేళ్ళు ఆయన్ని ఏమీ అనడం లేదు. ఈ మాత్రానికే కళ్ళు చెమ్మగిల్లాయి. చెమ్మగిల్లిన కళ్ళతోనే నాలుగు కుట్లు వేసి, ముడి వేసి, దారం కొరికాడు.

తాడు ఒకసారి లాగి చూస్తామని మేనేజరు మనిషి పక్కనించి అడిగాడు. అయిపోయింది లాగండి అన్నాడు బాబాయి.

తెర కదిలింది. దాంతోపాటు బాబాయీ కదిలాడు. ముందు కుడికాలు బయల్దేరింది, తరవాత మిగతా ఆయన. కాళ్ళు చాపుకున్న మనిషి చాపుకున్నట్టే, చేతిలో సూదితో, నున్నటి చెక్క నేల మీద వేదిక మధ్యనించి పక్కకి హుందాగా జారిపోసాగాడు. మడతతో పాటు తన ప్యాంటు కాలు కూడా కలిపి కుట్టేసుకున్నాడు. ఆపండి ఆపండి అని యజమానురాలు అరిచేసరికి ఐదడుగులు వెళ్ళాడు.

వదిన వేదిక అంచు మీద కూలబడింది. యజమానురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు మెట్ల దగ్గరనించి ఒక కొత్త నవ్వు వినిపించింది, తలుపు బిగుసుకుపోయిన గదిని బలవంతాన తెరిచినట్టు. ముందు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. మూడు నెలల్లో ఎవరూ వినని నవ్వు అది. కొలబద్ద చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. ఏం లేదు, ఏం లేదు, ఇక్కడ ఒక పెద్దాయన, అని ఫోన్లో చెప్పబోయి చెప్పలేక మళ్ళీ నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఒకసారి బాబాయి వైపు చూసి, చూడకుండా ఉండాల్సిందన్నట్టు మళ్ళీ అందుకున్నాడు.

బాబాయి కదలకుండా కూర్చున్నాడు. నవ్వనీ అనుకున్నాడు. ఆయనకి రావాల్సిన నవ్వే అది. ఇంకా కాసేపు నవ్వితే బాగుండుననిపించింది.

ఫోను జేబులో పెట్టుకుని కొలబద్ద వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్న కత్తెరతో ప్యాంటు కాలు దగ్గర ఒక్కొక్క కుట్టే, బట్ట తెగకుండా తెంపాడు. తెంపుతూ లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి.

"పదకొండు," అన్నాడు. "కుట్లు మాత్రం సమానంగా పడ్డాయి బాబాయ్."

అప్పటిదాకా గారు తగిలించకుండా ఆయన ఎప్పుడూ పిలవలేదు. బాబాయి కాలు వెనక్కి లాక్కోబోతే, ఇంకో రెండు మిగిలాయి, కదలకండి అన్నాడు. బాబాయి కదల్లేదు.